కొమురవ్వ చెయ్యి

మేం బతకడానికి వచ్చిన ఉన్ అనే బస్తీలో మా గల్లీ వాళ్లకు థర్మామీటర్‌తో పని ఉండేది కాదు. మా అమ్మ కొమురవ్వ చెయ్యి చాలు. ఎవరి పిల్లకు ఒళ్లు వెచ్చబడ్డా తెచ్చి అమ్మ ముందు నిలబెట్టేవాళ్లు. నుదుటి మీద చెయ్యి వేసి, "ఉన్నది, గోలీ ఎయ్యి" అనో, "ఏం లేదు, ఆడుకోనియ్యి" అనో తేల్చేసేది. మా ఆయన నరహరి థర్మామీటర్ కొనుక్కొస్తే నవ్వి, దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. గొప్పలకేం తక్కువ లేదు మా అమ్మకు.

పన్నెండేళ్లు చీరల కార్ఖానాలో ఇస్త్రీ చేసింది. మోకాళ్లు మొరాయించాక మానేసి, రెండేళ్ల నా కూతురు అక్షరను చూసుకుంటోంది. ఇప్పుడు అదే కార్ఖానాలో నేను చీరల దారాలు కత్తిరిస్తాను.

మొన్న సోమవారం పొద్దున పిల్లను ఎత్తుకోగానే నా మెడకు వేడి తగిలింది.

"అమ్మా, జర చూడే. పెయ్యి కాలుతున్నది."

అమ్మ నుదురూ పొట్టా తడిమింది. "నిద్రల వేడి గది. ఊకె పరేషాన్ కాకు. నువ్వు పో."

ఇంకోసారి పిల్ల మెడ కింద చెయ్యి పెట్టాను. కాలుతూనే ఉంది. కానీ ఆ రోజు మాలు లారీకెక్కాలి, రానివాళ్లను పనిలోంచి తీసేస్తానని సేట్ ముందే చెప్పాడు. అమ్మ చెప్పింది కదా అనుకుని చెప్పులేసుకున్నాను.

పదకొండింటికి పక్కింటి భూదేవి ఫోన్ చేసింది. పిల్లకు ఫిట్స్ వచ్చాయట. నేను దవాఖానా చేరేసరికి అవి ఆగాయి గానీ, అక్షర వాడిపోయి పడుకుని ఉంది. జ్వరం నూట నాలుగు. ఈ వయసు పిల్లలకు జ్వరంలో ఒక్కోసారి ఇలా వస్తుందని, ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. "పొద్దున ఎవరూ చూసుకోలేదా?" అనీ అడిగింది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తల దించుకుంది.

మర్నాడు ఇంట్లో పిల్ల ఒళ్లు తుడవడానికి అమ్మ గోరువెచ్చటి నీళ్లు కలిపింది. చెయ్యి ముంచి, "సరిపోయింది" అంది. గుడ్డ తడపబోతే నా వేళ్లు చుర్రుమన్నాయి.

"అమ్మా, గిట్ల కాలుతున్నయేందే!"

అమ్మ నమ్మలేదు. మళ్లీ ముంచింది, ఈసారి మోచెయ్యి దాకా. మోచేతికి తెలిసింది. చటుక్కున తీసి, అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఇస్త్రీ పెట్టెతో గట్టిపడి, గీతలు కూడా సరిగ్గా కనిపించని అరచెయ్యి.

"నిన్న పొద్దుగాల్నే కాలుతుండె గదా బిడ్డా. నా చేతికే తెల్వలే. పోరి పానం తీస్తుంటి," అని భోరుమంది.

తప్పంతా అమ్మ తన మీద వేసుకుంటుంటే, సిగ్గు లేకుండా వేసుకోనిచ్చాను.

సాయంత్రం భూదేవి తన కొడుకును తీసుకొచ్చింది. "అవ్వా, జర పోరన్ని చూడు."

అమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. "నా చెయ్యి పనికిరాదు భూదేవీ. లతను అడుగు. దాని చెయ్యి మంచిది," అని నన్ను చూపించింది.

ఇక నావల్ల కాలేదు. "నా చేతికి ఎరుకైందే అమ్మా. నిన్న పొద్దుగాల్నే ఎరుకైంది. ఎరుకై కూడా పనికి పోయిన."

అమ్మ లేచి, దేవుడి గూట్లోంచి థర్మామీటర్ తీసి నా చేతిలో పెట్టింది. ఆ రోజు నాతో మళ్లీ మాట్లాడలేదు.