నాలుగో శిఖరం

నరసరావుపేట బస్సు గుంతలో పడి ఆకాశమంత ఎత్తు ఎగిరింది. నేను గీస్తున్న కోటప్పకొండకు మూడు శిఖరాలూ చాలక నాలుగోది మొలిచింది. ఇక జన్మలో బొమ్మ గీయనని ఒట్టేసుకుని కాగితం చింపబోయాను.

“ఏందబ్బాయ్ ఆ కంగారు?” అంది పక్కసీటు పెద్దామె. ఆకువక్క సంచిలోని సున్నం, సరుకుల్లోని పసుపు అరచేతిలో వేసుకుని, నీళ్ళచుక్కతో రంగరించింది. ఎర్రటి పారాణి తేలింది.

“పెళ్ళికూతురి కాళ్ళకి పెడతాం. కొండకి పెడితే వద్దంటదా?”

“బొమ్మ పాడైపోద్ది పెద్దమ్మా!”

“ఎట్టాగూ పాడైందిగా, ఇంక భయమేంది?”

నాలుగో శిఖరానికి వేలితో పూసేసి, తర్వాతి ఊళ్ళో దిగిపోయింది.

ఇప్పుడు నా స్కెచ్‌బుక్కులో గోంగూర పసరు అడవులు, టీ మరకల మేఘాలు. కారప్పొడి సూర్యుణ్ణి చూసినవాళ్ళు తుమ్మకుండా పేజీ తిప్పలేరు. మా ఆవిడ పోపులపెట్టెకు తాళం వేసింది.

ఆ పారాణి మాత్రం వెలిసిపోతోంది. మళ్ళీ పూయబుద్ధి కాదు.