మూడు పూటలని రాశాను

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, ఉద్యోగ విరమణ చేసి ఖాళీగా ఉన్న నన్ను ఒక పని వెతుక్కుంటూ వచ్చింది. గజపతినగరం దగ్గర భర్త పోయిన ఆడవాళ్లకు, వికలాంగులకు పనిచ్చి జనపనార సంచులు కుట్టించే చిన్న కేంద్రం ఉండేది. దానికి కుట్టుమిషన్లు, అద్దె సమకూర్చే ఢిల్లీ సంస్థ ఒకటి, ఆ పని వల్ల వాళ్ల బతుకులు ఎంత మారాయో కొలిచి చెప్పమంది. జనాభా లెక్కలు రాసిన చెయ్యి కదా అని నన్ను పిలిచారు.

ఫారంలో మూడో ప్రశ్న: పనిలో చేరకముందు రోజుకు ఎన్ని పూటలు తినేవారు? ఇప్పుడు ఎన్ని పూటలు?

మొదట వెళ్లింది సంచుల అంచులు కుట్టే ఒకామె ఇంటికి. అరుగు మీద ఆమె మామగారు కూర్చున్నాడు. ఇరుగుపొరుగు గోడ పట్టుకుని నిలబడ్డారు. ప్రశ్న చదివాను.

"మూడు పూటలా తినీవోలం బాబూ," అందామె తల దించుకుని.

"మా ఇంట పొయ్యి ఎలగలేదని రాసుకుపోదామనొచ్చినారేటి?" అన్నాడు ముసలాయన. "మేం ముష్టోలం కాదు. సుబ్బరంగా రాయండి, మూడని."

గోడ దగ్గర ఎవరో నవ్వారు.

మూడని రాశాను. ఇప్పుడూ మూడే. మార్పు లేదు. మిగతా ఇళ్లలోనూ అరుగు మీదే, అందరి ఎదుటే అడిగాను. దాదాపు అదే జవాబు. చెప్పింది చెప్పినట్టు రాయడమే నిజాయితీ అని ఉద్యోగమంతా నమ్మినవాణ్ణి. ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఎవరూ తమ ఆకలి చెప్పుకోరని, ఈ ఊళ్లలో పుట్టిన నాకు తెలియక కాదు. ఆ మొదటి ఇంటి గురించి ఆనాటి డైరీలో నేనే రాసుకున్నాను: "చేరకముందు ఆ ఇంట్లో రోజూ గంజి కూడా ఉండేది కాదని దారిలో పొరుగావిడ చెప్పింది." ఫారంలో మాత్రం రాయలేదు. పొరుగువాళ్ల మాటకు అందులో గడి లేదు.

ఆర్నెల్లకు కేంద్రం మూతపడింది. మార్పు కనిపించని చోట ఖర్చు పెట్టలేమని సంస్థ ఉత్తరం రాసింది. కుట్టుమిషన్లు వ్యానులో ఎక్కించుకుపోయారు.

తరువాత ఒకసారి ఆ అంచులు కుట్టే ఆమె బొబ్బిలి బస్టాండులో కనిపించింది. ఇటుకల బట్టీలో పనికి పోతున్నానంది.

"ఆ రోజు నిజం చెప్పి ఉంటే బాగుండేదమ్మా," అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. "మావ ఎదర ఎలా సెప్తాను బాబూ? మల్లీ ఆ అరుగు మీదే అడగండి, మల్లీ మూడనే సెప్తాను. మిసను కాడికొచ్చి అడిగుంటే సెప్పీదాన్ని."

పేర్ల జాబితా కోసం ఆ కేంద్రానికి నేను రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆమె మిషను దగ్గరే ఉంది.