కుర్చీలో లేని పెద్దాయన

పెద్దలు వద్దన్నారని ఈమధ్య మీరు మానుకున్న పని ఏదైనా ఉందా? ఉంటే, ఆ మాట వాళ్ళ నోట మీరు స్వయంగా విన్నారా?

నేను వినలేదు. అయినా మొదట నమ్మాను. ఆ సంగతి నాకు తెలిసింది ఒక నాటకం వల్ల.

మొన్న వసంతంలో కెనడాలోని ఓక్‌విల్‌లో మా తెలుగు సంఘం వాళ్ళం మాలో ఒకరు రాసిన నాటకం వేశాం. అందులో ఒక పెద్దాయన ఉంటాడు. ఉంటాడనడమే గాని స్టేజీ మీదికి రాడు. ఒక ఖాళీ కుర్చీ, దాని మీద మడతపెట్టిన కండువా, అంతే. ఆ ఇంట్లో కిటికీ తెరవాలన్నా, పెళ్ళి ఆపాలన్నా ఆయన ఆజ్ఞ కావాలి. ఆ ఆజ్ఞలు మోసుకొచ్చే గుమాస్తా వేషం నాది.

మొదటి రిహార్సల్‌లో ఆ పెద్దాయన ఎవరని వాదన వచ్చింది. దర్శకురాలు దేవుడంది. ఇంకొకరు ప్రభుత్వం అన్నారు. నేను నా డైలాగులు గట్టిగా చదివి వినిపించాను. వద్దన్నారట. ఒప్పుకోరట. కోపంగా ఉన్నారట.

"ఆయన దేవుడూ కాదు, ప్రభుత్వమూ కాదు. ఆయన ‘ట’ అనే అక్షరం. అది తీసేస్తే మిగిలేది కుర్చీయే" అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. నేనూ కాస్త పొంగిపోయాను.

చివరి సీన్‌లో పనిమనిషి "మీలో ఆయన్ని చూసినవాళ్ళెవరు?" అని అడిగి, జవాబు రాకపోతే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఆ వేషం లండన్‌లో, ఇంగ్లండ్‌ది కాదు, మాకు రెండు గంటల దూరంలో ఉన్న లండన్‌లో, కాలేజీ చదివే అమ్మాయిది. కాఫీ షాపులో తన శనివారం షిఫ్టులు మార్చుకుని, బస్సెక్కి వచ్చేది. ఆమెకున్నది ఆ ఒక్క సీనే.

ప్రదర్శనకు రెండు వారాల ముందు దర్శకురాలు అంది: "చివరి సీన్ తీసేద్దామండీ. పెద్దవాళ్ళు హర్ట్ అవుతారట."

"తీసేస్తే నేనెందుకు ఆంటీ? కుర్చీ తుడవడానికా?" అంది ఆ అమ్మాయి. నవ్వుతూనే అంది గాని, స్క్రిప్టు మడిచి సంచిలో పెట్టేసుకుంది.

నాకు మండింది. "ఎవరన్నారు?"

"సెక్రటరీ గారు చెప్పారు."

అక్కడే స్పీకర్ పెట్టి సెక్రటరీకి ఫోన్ చేశాను. "నాకేం తెలుసండీ, భోజనాలు చూసే ఆంటీ చెప్పారు" అన్నాడు. ఆవిడకూ చేశాను.

"నేనేమైనా కల్పించానా? గుమాస్తా వేషం ఆయనే అన్నారట కదా, ఆ సీన్ వస్తే ముందు వరుస పెద్దలు లేచి వెళ్ళిపోతారని" అంది, మాట్లాడుతున్నది నేనని పోల్చుకోకుండా.

ముందు నవ్వింది ఆ అమ్మాయే. "అంకుల్, పెద్దాయన మీరేనట."

నిజమే. టీ దగ్గర అన్నాను, ఆ సీన్ ఎంత ఘాటుగా ఉందో చెప్పడానికి గొప్పగా అన్నాను. నాలుగు నోళ్ళు దాటేసరికి ఆ గొప్ప కాస్తా నిషేధమైంది. నా విశ్లేషణ తప్పు కాదు, సగమే. ‘ట’ దానంతట అది ఎవరినీ ఏలదు. మోసేవాడు కావాలి, అడగనివాళ్ళు కావాలి. పెద్దాయనకు ఒక్క డైలాగూ లేని నాటకంలో గుమాస్తాకే అన్నిటికన్నా ఎక్కువ డైలాగులు ఎందుకున్నాయో అప్పుడర్థమైంది. పెద్దాయనను తయారుచేసేది గుమాస్తాలే.

సీన్ ఉండిపోయింది. ప్రదర్శన రోజు ఆ అమ్మాయి కండువా పక్కకు తీసి, కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ముందు వరుసలో ఒక పెద్దాయన నిజంగానే లేచారు, ఫొటో తీసుకోవడానికి.

ఇవాళ మీ చెవిన పడే మొదటి ‘అన్నారట’ దగ్గర ఆగండి. ఎవరన్నారో అడగండి. వాళ్ళకే ఫోన్ చేయండి. తీగ తిరిగి తిరిగి మీ దగ్గరికే వచ్చినా సరే, ఫోన్ పెట్టేయకండి.