అత్తగారి గదిలో మెరుగు చక్రం

ఆ వీధిలో అతన్ని అందరూ సానాయన అంటారు. పాలాయన, పేపరాయన ఉన్నట్టే సానాయన. అసలు పేరు చూద్దామంటే గేటు పక్కన పలక మీదా ఉండదు, కరెంటు బిల్లు మీదా ఉండదు. ఇల్లు అత్తగారిది.

పద్దెనిమిదేళ్ళు ఒక రాళ్ళ కార్ఖానాలో ఒకే స్టూలు మీద కూర్చున్నాడు. ముడిరాయిని కోయడం, ముతక చక్రం మీద అరగదీసి ఆకారం తేవడం, అంతవరకే అతని పని. ఆపైన రాళ్ళు పళ్ళెంలో సర్దుకుని లోపలి గదికి వెళ్ళిపోయేవి. మెరుగు పెట్టేది అక్కడ. ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. పళ్ళెం అందించడానికి వెళ్ళి గుమ్మం మీద కాలు పెడితే చాలు, లోపలున్న ముసలి మేస్త్రి "అక్కడే ఆగవయ్యా మగడా, నువ్వూ నీ అవతారమూ" అని కసిరేవాడు. సానాయన అదంతా వాళ్ళ టెక్కు అనుకున్నాడు. రాయికి రూపు తెచ్చేది మనం, పేరు కొట్టేసేది వాళ్ళు అని స్టూలు మీద గొణుక్కునేవాడు. అన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఎందుకు రానివ్వరని అడగలేదు. అడిగి ఉంటే చాలా పీకులాట తప్పేది.

తర్వాత కార్ఖానాకి ఆకారం తెచ్చే యంత్రం వచ్చింది. స్టూళ్ళన్నీ తీసేశారు. లోపలి గదిని మాత్రం ముట్టుకోలేదు.

నలభై మూడేళ్ళ వయసులో పని పోయిన మనిషికి సలహాలకి కొదవుండదు. బావమరిది సలహాతో ఆగకుండా ఉద్యోగమే చూసిపెట్టాడు.

"గోడౌన్‌లో వాచ్‌మన్ పని బావా. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. కుర్చీ ఇస్తారు, ఫ్యాన్ ఇస్తారు. కూర్చోవడమే పని."

సానాయన ఔననలేదు, కాదనలేదు. ఆ కుర్చీ తలుచుకుంటేనే అతనికి వేళ్ళు తిమ్మిరెక్కాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక షట్టర్‌ని చూస్తూ అరవయ్యేళ్ళ దాకా కూర్చోవాలి.

అప్పుడు ఆదుకున్నవాడు నగలు చేసే మేస్త్రి. సానాయన చేతిపని కార్ఖానా రోజుల నుంచీ ఎరిగినవాడు. పన్నెండు గోమేధికాల ముడిరాళ్ళు కాగితంలో పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. అన్నీ ఒకే పెద్ద రాతి నుంచి వచ్చినవి, ఒకే తేనెరంగు.

"హారానికి. రాళ్ళు కూర్చోబెట్టే గూళ్ళు చేసేశాను. కోడిగుడ్డు ఆకారం, వీపు నున్నగా గుండ్రంగా రావాలి. ఇదిగో కొలత." ఇత్తడి రేకు ఒకటి ఇచ్చాడు. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో కంత. "రాయి ఈ కంత మీద ఆగాలి. జారి కింద పడిందా, నాకొద్దు. గూట్లో లొడలొడలాడుతుంది. మెరుగు కూడా నువ్వే పెడతావా?"

"ఆ, దాందేముంది."

"నెలాఖరుకి ఇయ్యి. బాగుంటే నా పనంతా నీకే. బాగోకపోతే, ఏమీ అనుకోకు, ఇంకొకర్ని చూసుకుంటాను."

'దాందేముంది' అన్న ఆ మాటే తర్వాత కొంప ముంచబోయింది.

ఇంట్లో వర్క్‌షాప్ పెడతానంటే భార్య సరేనంది. ఆమె మందుల దుకాణంలో కౌంటరు దగ్గర పని చేస్తుంది, రోజంతా జనం గొడవ విని విని ఇంట్లో గొడవకి దిగే ఓపిక ఉండదు. అసలు గండం అత్తగారు. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో ఆయాగా చేసి రిటైరైంది. కత్తులు, కత్తెరలు కడిగి, ఉడకబెట్టి, గుడ్డల్లో చుట్టి అందించడం ఆవిడ ఉద్యోగం. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఆవిడ చూస్తుంటే చేతులు రెండోసారి కడుక్కునేవాళ్ళని ఆవిడే చెబుతుంది. కొంత తగ్గించుకుని నమ్మినా, చాలానే ఉంటుంది.

"రాళ్ళు అరగదీసేవాడికి పిల్లనిచ్చానని అందరూ అన్నారు. పోనీలే, రాళ్ళు కార్ఖానాలోనే ఉంటాయి కదా అనుకున్నా. ఇప్పుడు అవి కూడా ఇల్లరికం వస్తున్నాయా, అల్లుడుగారూ?"

"పెరట్లో బట్టలుతికే చోటు చాలు అత్తయ్యా. రేకులున్నాయి, నల్లా ఉంది."

"పొడి లేస్తుందా?"

"కొంచెం లేస్తుంది."

"కొంచెం లేదు, గించెం లేదు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఎలా ఉంటుందో ఎక్స్‌రేల్లో చూశాను నేను. తడి మీదే పని చెయ్యాలి. నీటిచుక్క ఆగిందా, మోటారు ఆపాలి. అలాగైతేనే పెట్టుకోండి."

చక్రం మీద నీళ్ళు చుక్కలుగా పడే ఏర్పాటు అతనికి కుదరలేదు. డబ్బాకి కన్నం పెడితే ధారగా కారి బనీను తడిసేది, చిన్న కన్నమైతే పాకుడు పట్టి మూసుకుపోయేది. రెండ్రోజులు ఈ తంటా చూసి, ఆవిడ కూతురి చేత దుకాణం నుంచి సెలైన్ గొట్టం తెప్పించింది. బట్టల తీగకి సీసా తలకిందులుగా వేలాడదీసి, గొట్టం మీదున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పి, చుక్కలు లెక్కపెట్టి వదిలింది.

"రోగికి ఎక్కించేదానికన్నా రెండింతలు పెట్టాను. మీ చక్రం తట్టుకుంటుందిలెండి."

కార్ఖానా పాత సామాన్లలో కొన్న ముతక చక్రం, దాని పక్కన సన్న చక్రం, కోత రంపానికి ఒక మోటారు, అన్నీ రేకుల కింద కుదిరాయి. మెరుగు చక్రం మాత్రం హాల్లో పెరటి తలుపు పక్కన కిటికీ కింద పెట్టాడు, వెలుతురు బాగుంటుందని. చెక్క బిళ్ళ మీద తోలు అంటించి, తెల్లటి మెరుగు పొడి నీళ్ళలో కలిపి పూసి, పాత కుట్టుమిషన్ మోటారుతో తిప్పడం. పుల్ల చివర లక్క కరిగించి రాయిని అతికించాడంటే, చేతికి మళ్ళీ ప్రాణం వచ్చినట్టుండేది.

కోత బాగా కుదిరింది. ఆకారం అంతకన్నా బాగా కుదిరింది. పన్నెండు రాళ్ళూ ఒకే కాన్పులో పుట్టినట్టున్నాయి, ఇత్తడి కంత మీద పెడితే దర్జాగా ఆగుతున్నాయి. ఇక మెరుగు.

మొదటి రాయిని తోలు మీద పట్టి పావుగంట తిప్పాడు. తుడిచి కిటికీ దగ్గర ఏటవాలుగా పెట్టి చూశాడు. తేనెచుక్కలా మెరుస్తోంది. దాని వీపు మీద అడ్డంగా గీత. పిల్లి గోరు గీరినట్టు.

గీత పోవాలంటే ఒక మెట్టు వెనక్కి వెళ్ళి, సన్న చక్రం మీద మళ్ళీ అరగదీయాలి. వెళ్ళాడు. మళ్ళీ మెరుగు పెట్టాడు. పాత గీత పోయి కొత్త గీత వచ్చింది. రెండో రాయికి రెండు గీతలు. తోలు మార్చాడు. పొడి మార్చాడు. మోటారు వేగం తగ్గించాడు. మూడో రాయికి గీతల లెక్కే లేదు.

వెనక్కి వెళ్ళినప్పుడల్లా రాయి వెంట్రుకవాసి తగ్గుతుంది. నాలుగో రోజుకి ఆ మూడు రాళ్ళూ కంత అంచుని పట్టుకుని వేలాడుతున్నట్టు ఉన్నాయి. ఇంకొక్కసారి సానపడితే జారిపోతాయి. ముట్టుకుంటే తగ్గుతాయి, ముట్టుకోకపోతే గీతలు. మిగతా తొమ్మిదింటి జోలికి వెళ్ళే ధైర్యం లేదు. నెలాఖరు ఇంకా వారం. బావమరిది ఫోన్ చేసి, "బావా, ఒకటో తారీఖు ఖాయమేనా? అక్కడ ఇంకొకడు కాచుక్కూర్చున్నాడు," అన్నాడు. "రేపు చెబుతాలే," అన్నాడు సానాయన. ఆ మధ్యాహ్నం అన్నం సగంలో లేచాడు.

అత్తగారు తన గది గుమ్మంలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూనే ఉంది. నాలుగు రోజులూ నోరు మెదపలేదంటే, ఆవిడ జాతకంలోనే అది రికార్డు.

"అల్లుడుగారూ, ఒకసారి మళ్ళీ మొదటి నుంచీ చెయ్యండి. నేను చూస్తాను."

"రాయి తగ్గిపోతుంది అత్తయ్యా."

"రాయి వద్దు. ఉత్తినే చెయ్యండి. చేతులు ఎక్కడికెళ్తున్నాయో చూస్తా."

కాదంటే ఇంకో గంట పడుతుందని చేశాడు. సన్న చక్రం దగ్గర కూర్చున్నట్టు కూర్చుని లేచాడు. నల్లా కింద చేతులు కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు. హాల్లోకి వచ్చి మెరుగు చక్రం ముందు కూర్చున్నాడు.

"ఆగండి. ఆ తువ్వాలు ఇలా ఇవ్వండి."

"రోజూ ఉతుకుతోందిగా మీ అమ్మాయి."

"ఇవ్వండి మరి."

ఆవిడ వంటింట్లోంచి కొత్త స్టీలు పళ్ళెం తెచ్చింది. తువ్వాలుని దాని మీద పట్టుకుని రెండుసార్లు దులిపింది. కంటికి ఏమీ కనపడలేదు. చూపుడువేలు తడిచేసి పళ్ళెం మీద అద్ది, అదిమి, గుండ్రంగా తిప్పింది. కరకరమంది. వేలు తీసేసరికి పళ్ళెం మీద సన్నటి గీతలు. పిల్లి గోరు గీరినట్టు.

సానాయన పళ్ళెం అందుకుని కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టి చూశాడు.

"నీళ్ళతో కడుక్కున్న చేతిని ముతక చక్రం దగ్గర వాడిన గుడ్డతో తుడుచుకుని, ఆ చేత్తోనే తోలుని ముట్టుకుంటున్నారు. రేకుల కింద తొక్కిన చెప్పులతోనే హాల్లోకి వస్తున్నారు. ఆ మోటారు గాలికి పెరట్లో పొడి అంతా ఈ తలుపులోంచి తోలు మీదకే. మా థియేటర్లో ఇలా చేసుంటే సిస్టరమ్మ నన్ను ఆ కత్తులతోనే కోసేది."

భుజం మీద తువ్వాలు లేకపోతే బట్టల్లేనట్టు ఉంటుంది అతనికి. పద్దెనిమిదేళ్ళు దాంతోనే చెమట తుడుచుకున్నాడు, దాంతోనే చక్రం తుడిచాడు. నువ్వూ నీ అవతారమూ అని లోపలి గది మేస్త్రి కసిరింది దాన్ని చూసే. ఆ మూసిన తలుపు అతన్ని అవమానించడానికి కాదు, ఇసుకరేణువంత గరుకుని ఆపడానికి. ఇది తెలిసేసరికి సానాయనకి కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. ఒక్క ముక్క విడమరిచి చెబితే ఆ ముసలాయన సొమ్మేం పోయేది? అడక్కుండా మూతి ముడుచుకున్న తన సొమ్ము మాత్రం బాగానే పోయింది. ఆ మేస్త్రికి మనసులోనే ఒక దండం పెట్టుకున్నాడు.

"ఇప్పుడేం చెయ్యమంటారు అత్తయ్యా?"

"మురికి పని ఒక పక్క, శుభ్రమైన పని ఒక పక్క. మధ్యలో తలుపుండాలి. హాల్లో కుదరదు. నా గది తీసుకోండి."

సాయంత్రం పని నుంచి వచ్చిన భార్య చూసేసరికి తల్లి మంచం హాల్లో ఉంది, మెరుగు చక్రం తల్లి గదిలో ఉంది.

"ఏమిటమ్మా ఇది? ఆ మోటార్ల పక్కన నువ్వెలా పడుకుంటావ్?"

"నాకు చెవుడు కదే. ఏ మోటారు తిరిగితే నాకేం?"

ఆవిడకి చెవుడున్నట్టు అంతవరకు ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో వంటింటి తలుపేసుకుని బిస్కెట్ ప్యాకెట్ విప్పినా వీధి అరుగు మీంచి "ఎవరది?" అని అరిచే మనిషి. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను మోటారు వైరు సరిచేసే వంకన వంగి కూర్చున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఈ ఇంటికొచ్చినప్పుడు ఆవిడ ఖాళీ చేసి ఇచ్చింది పెద్ద గది. ఇప్పుడు చిన్న గది కూడా.

మర్నాటి నుంచి ఆవిడ రాజ్యం. గదికి ముందు సుద్దముక్కతో గీత. గీతకి అవతల చెప్పులు. గోళ్ళు చర్మం దాకా కత్తిరించాలి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దాలి, గదిలో ఉంచిన వేరే గుడ్డతోనే తుడుచుకోవాలి. రాయిని పుల్లతో సహా మూడు గిన్నెల నీళ్ళలో ముంచి తేవాలి. మురికి తువ్వాలు గీత దాటకూడదు. మర్చిపోయి దాన్ని భుజం మీద వేసుకునే ఒకసారి గీత దాటబోయాడు.

"ఏమండోయ్ డాక్టరుగారూ," అంది హాల్లోంచి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ వెనక్కెళ్ళి మళ్ళీ మొదటి నుంచీ కడుక్కున్నాడు.

ముందు ముట్టని తొమ్మిది రాళ్ళకి మెరుగు పెట్టాడు. మొదటిది కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూశాడు. గీత లేదు. రెండోదానికి లేదు. తొమ్మిదింటికీ లేదు. ఇక మూడు మిగిలాయి. సన్న చక్రం మీద వాటిని అరగదీయలేదు, కేవలం తాకించాడు. తాకించి కడిగాడు, కడిగి లోపలికి తెచ్చాడు. ఒక్కోదానికి ఒక పూట పట్టింది. ఆ మూడు పూటలూ అత్తగారు కూతురితో కూడా మాట్లాడలేదు, ఎవరైనా తలుపు కొడితే లేచి వెళ్ళి వేలితో సైగ చేసి పంపేసింది.

నెలాఖరున నగల మేస్త్రి దీపం కింద నల్లగుడ్డ పరిచి రాళ్ళు వరసగా పెట్టాడు. కంటికి అద్దం బిగించుకుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. తర్వాత ఇత్తడి రేకు తీశాడు. తొమ్మిది ఆగాయి. పదోది ఆగింది. పదకొండోది ఆగింది. పన్నెండోది కంతలో కొంచెం కుంగి, అంచు పట్టుకుని ఆగింది. మేస్త్రి అద్దం తీసి సానాయన వంక ఒకసారి చూసి, రేకుని గోటితో టక్కున కొట్టాడు.

రాయి కదల్లేదు.

"దీన్ని బాగా ఏడిపించినట్టున్నావే."

"అదే నన్ను ఏడిపించింది."

"ఆగింది కదా, చాలు. మెరుగు మటుకు ఇది కార్ఖానా మెరుగు కాదయ్యా. ఎక్కడ నేర్చుకున్నావ్?"

"ఆపరేషన్ థియేటర్లో," అన్నాడు సానాయన. మేస్త్రి వేళాకోళమనుకుని నవ్వి, ఇరవైనాలుగు రాళ్ళ పొట్లం ఇంకోటి ముందుకు తోశాడు.

దారిలోనే బావమరిదికి ఫోన్ చేసి, ఆ కుర్చీ కాచుక్కూర్చున్నవాడికే ఇప్పించమన్నాడు. మిగతా దారంతా అత్తగారికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నడిచాడు. థాంక్స్ అంటే ఆఫీసులో గుమాస్తాకి చెప్పినట్టుంటుంది. కాళ్ళకి దండం పెడితే నడుం పట్టిందా అని అడిగే రకం ఆవిడ. ఇంటికొచ్చేసరికి హాల్లో మంచం మీద కూర్చుని, చెరగులో పోసుకున్న చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"తీసుకున్నాడు అత్తయ్యా. పన్నెండూ."

"ఊఁ."

"ఇంకో ఇరవైనాలుగు ఇచ్చాడు. నేనేమంటానంటే, పెరట్లో ఆ మూలకి ఒక చిన్న గది వేసుకుందాం. మీ మంచం మళ్ళీ లోపల వేసేద్దాం. అసలు మీరు గనక లేకపోతే నేను..."

ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసి, అతని కళ్ళలోకి చూసింది. చూసి, చూపు తిప్పుకుంది.

"గది వేసేటప్పుడు వేద్దురుగాని. పొద్దున్నుంచీ తలుపు మూసే ఉంది. రేపటి పనికి ముందు తడిగుడ్డ పెట్టాలి. నాకా నడుం వంగదు."

సానాయన చొక్కా విప్పి, చేతులు మోచేతుల దాకా రుద్దుకుని, గీత దాటి లోపలికి వెళ్ళాడు. ఆవిడ కుర్చీ గుమ్మం దాకా జరుపుకుంది.

"అలా గుండ్రంగా తిప్పకండి, మురికి అక్కడక్కడే తిరుగుతుంది. ఆ చివరి నుంచి ఇటు లాగండి. లాగాక గుడ్డ జాడించండి."

ఆ చివరి నుంచి ఇటు లాగాడు. గుడ్డ జాడించాడు.

"ఊఁ," అంది ఆవిడ. "ఇప్పుడు ఆ మూల."