గుండెల మీద నువ్వుల ముద్దలు

ఆ రోజుల్లో సార్లను గౌరవించడానికి ప్రత్యేకంగా ఒక దినమంటూ ఉండేది కాదు, ఏడాది పొడుగూ గౌరవించవలసిందే. ఇప్పటివాళ్ళు తెలివైనవాళ్ళు, ఆ బరువంతా ఒక్క పూటలో దించేసుకుంటున్నారు. మొన్న మా మనవరాలి బడి నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. టీచర్ల కోసం పిల్లలు ఇంట్లో చేసిన తినుబండారం తేవాలట, అందులో నూనె ఉండకూడదట, చక్కెర ఉండకూడదట, పల్లీలు అసలే ఉండకూడదట. (అవన్నీ తీసేశాక మిగిలేది డబ్బా. దాన్నే పంపిస్తే సరిపోయేది.) మా కోడలు నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని బేకరీకి స్కూటీ మీద వెళ్ళి బిస్కెట్లు తెచ్చి, ఇంట్లో చేసినట్టు కనబడడానికి వాటి అంచులు అక్కడక్కడ విరిచి, స్టీలు డబ్బాలో సర్దింది. నేను చూస్తూ ఊరుకున్నాను. చూస్తూ ఊరుకోవడం నాకు రాదని ఇంట్లో అందరికీ తెలుసు కనుక, ఇదిగో, ఇలా రాయడానికి కూర్చున్నాను.

మాది బోధన్ పక్కన చెరుకు ఊరు. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఏడు పాసయ్యానని అనడం లేదు, దాకా అంటున్నాను, గమనించాలి. ఏడో తరగతికి అప్పుడు పెద్ద పరీక్ష ఉండేది. అది పాసైతే బోధన్‌లో హైస్కూలు, లేకపోతే బాపు (నాన్నను మేం అలాగే అంటాం) వెనక చెరుకు బండి. ఎవరెవరు ఆ పరీక్షకు కూర్చోవాలో తేల్చేది మా లెక్కల సారు. తెల్లటి లాల్చీ, తెల్లటి ధోవతి, నిప్పులాంటి మనిషి అని ఊళ్ళో పేరు. విద్యార్థుల దగ్గర పూచికపుల్ల ముట్టనని ప్రతి సోమవారం ప్రార్థన దగ్గర చెప్పేవాడు. నిజమే, పూచికపుల్ల ఆయన ఎన్నడూ ముట్టలేదు.

ఆయన నోరు తెరిచి అడిగేవాడు కాదు, మెచ్చుకునేవాడు. మా తరగతిలో ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న వాళ్ళ క్యాంపు నుంచి ఒక పిల్లవాడు వచ్చేవాడు. వాణ్ణి మేం క్యాంపు బాబు అనేవాళ్ళం. వాళ్ళమ్మ చేసిన అరిసెలు ఒకసారి మెచ్చుకున్నాక, వారం వారం సారు బల్ల సొరుగులోకి అరిసెలు నడిచి వచ్చేవి. "అమ్మ మీకిచ్చి రమ్మందండి" అని వాడు వంగి మరీ ఇచ్చేవాడు. వాడు అమ్మమ్మ ఊరికి పోయి నెల రోజులు రాకపోయినా హాజరు మాత్రం బడికి వస్తూనే ఉండేది. నేను చెరుకు కోతల కాలంలో బాపుకు తోడు పోతే, ఆ పూటల్లో నా హాజరుకు ఎందుకోగాని కాళ్ళు వచ్చేవి కావు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. సారు నన్ను పిలిచి చాలా బాధపడ్డాడు. "హాజరు తక్కువున్నది బిడ్డా, నేనేం జేస్త, రూలు గట్లున్నది" అన్నాడు. ఆయన కిటికీలోంచి ఆకాశం వైపు చూసి, "మీ అవ్వ నువ్వుల ముద్దలు మంచిగ జేస్తదట గద, ఊర్లె అనుకుంటుండ్రు" అన్నాడు. ఊరు అంత పనిలేకుండా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంటికి వెళ్ళి మా అవ్వకు చెప్పాను. (అమ్మను మేం అవ్వ అంటాం.) ఆమెకు పరీక్ష సంగతి పెద్దగా పట్టలేదు గానీ, తన ముద్దల పేరు సారు దాకా పోయిందంటే మొహం వెలిగిపోయింది. ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. చెరుకంతా ఫ్యాక్టరీకి పోయినా, ఇంటి బెల్లం కోసం ప్రతి రైతూ ఒక మడి మిగుల్చుకునేవాడు. దాని రసం కాచే పెద్ద ఇనుప కడాయి మా వాడకంతటికీ ఒక్కటే. పసుపు కొమ్ములు ఉడకబెట్టేదీ అదే కడాయిలో. అందుకని అది మా ఇంటికి వచ్చేసరికి నాలుగిళ్ళ పసుపు ఉడికించి ఉంది. మా చిన్నాయన దాన్ని బూడిదతో తోమానన్నాడు. (బూడిద కడాయి పక్కన ఉండడం నేను కూడా చూశాను.) రసం కాచి దించితే బెల్లం బంగారంలా వచ్చింది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చూసిపోయారు. నోట్లో వేసుకున్నాక మాత్రం మెచ్చుకోవడం ఆపేసి మజ్జిగ అడిగారు.

"చేదున్నదే అవ్వా" అన్నాను నేను.

"పసుపే గదరా, ఇసమా? కడుపుల వడితె మంచిదే. సదువుకున్న సారు, ఆయనకెర్కుండదా?" అంది.

తడి ఆరని ఆ కొత్త బెల్లంతోనే నువ్వులు దంచి ముద్దలు చుట్టింది. మోదుగాకుల్లో కట్టి ఇచ్చింది. పసుపు ఉన్నచోటికి చీమలు రావంటారు. చీమలకు తెలివి ఉంది.

బడి వెనక గోడ దగ్గర సారు నా చేతిలోని పొట్లాం చూసి, "గిదంత ఎందుకురా" అంటూనే ఆకులు విప్పాడు. సరిగ్గా అప్పుడే జీపు శబ్దం వినబడింది. నిజామాబాద్ నుంచి ఇన్‌స్పెక్టర్ చెప్పాపెట్టకుండా దిగాడు. సారు ఆకులు గోడవతల పారేసి, ముద్దలు లాల్చీ పైజేబులో కుక్కుకుని తరగతిలోకి పరుగెత్తాడు. ఆయన గుండెలో మాకు చోటు ఉందో లేదో చెప్పలేనుగానీ, ముద్దలకు మాత్రం ఆ దగ్గర్లోనే దొరికింది.

ఎండాకాలం అప్పటికే మొదలైంది. రేకుల కప్పు. ఇన్‌స్పెక్టర్ మమ్మల్ని ఎక్కాలు అడుగుతున్నాడు, సారు నల్లబల్ల పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాడు. ఆయనతోపాటు కొత్త బెల్లం కూడా చెమటలు పట్టడం మొదలుపెట్టింది. మొదట జేబు అడుగున ఒక చుక్క కనబడింది. పదమూడో ఎక్కం పూర్తయ్యేలోగా అది అరచేయంత అయింది, నూనె జిడ్డుతో, పచ్చగా, మా అవ్వ గడపకు రాసినట్టుగా. క్యాంపు బాబు నా తొడ మీద గిల్లాడు. నేను ఊపిరి బిగబట్టాను. నవ్వితే నా పరీక్ష అక్కడితో సరి అని నాకు తెలుసు.

ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగి చూసి, ఆ పసుపు ఏమిటని అడిగాడు. సారు క్షణం తడబడి, దెబ్బ తగిలితే పసుపు పెట్టుకున్నానన్నాడు. లెక్కల్లో ఆయన ఎప్పుడూ అంత తొందరగా జవాబు చెప్పగా నేను చూడలేదు. ఇన్‌స్పెక్టర్ మనసు కరిగిపోయింది. ఇంత గాయంతో సెలవు పెట్టకుండా పాఠం చెబుతున్న మనిషిని చూసి నేర్చుకోండని మాకు ఉపదేశించాడు. మేం చప్పట్లు కొట్టాం. అంతటితో ఆగితే బాగుండేది. కానీ ఆయన ముందు బల్లలో ఉన్న నా వైపు వేలు చూపించి, "మీ సారుకు దెబ్బ ఎట్ల తగిలిందో నీకు తెలుసా?" అని అడిగాడు.

నేను లేచి నిలబడ్డాను. ఇన్‌స్పెక్టర్ భుజం మీదుగా సారు నన్ను చూస్తున్నాడు. బెత్తం పట్టుకున్న మొహం తప్ప ఆయనకు ఇంకో మొహం ఉందని నాకప్పటిదాకా తెలియదు. ఇల్లు తగలబడుతుంటే నీళ్ళ కోసం చూసేవాడి మొహం అది.

"చెరుకు బండి నొగ తగిలింది సార్" అన్నాను. నమ్మకం కోసం, "మా బండే" అని కూడా కలిపాను.

ఇన్‌స్పెక్టర్‌కు కోపం వచ్చింది. కళ్ళు నెత్తికెక్కి బండ్లు తోలుతున్నారని మా ఇంటిల్లిపాదినీ తిట్టి, సారుకు చేతులెత్తి మొక్కి క్షమాపణ అడగమన్నాడు. మొక్కాను. అడిగాను. సారు పెద్ద మనసు చేసుకుని నన్ను క్షమించాడు.

పరీక్షకు వెళ్ళేవాళ్ళ పేర్లు చదివిన రోజు నా పేరు రాలేదు. సారు దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన చాలా శాంతంగా ఉన్నాడు.

"ఇన్‌స్పెక్టర్ సారుకే అబద్ధం జెప్పినోనివి. నిన్ను పరీక్షకు వంపి బడి ఇజ్జత్ తీసుకోమంటవా?" అన్నాడు. నేను వెనుదిరిగితే మళ్ళీ పిలిచి, "ముద్దలు చేదున్నయని మీ అవ్వకు జెప్పు" అన్నాడు.

బాపు ఒక్క మాటే అన్నాడు. "సాలు తియ్, బండి గట్టు." కట్టాను. ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్ల వరస కదలడానికి పొద్దంతా పట్టేది. క్యాంపు బాబు చదివేసిన పుస్తకాలు తెచ్చుకుని, బండి కింద నీడలో పడుకుని, వాడి వెనకే ఏడాదికొకటి చొప్పున అన్ని తరగతులూ చదివాను. నన్ను ఎవరూ పరీక్షించలేదు కనుక ఎక్కడా తప్పలేదు.

ఇన్నేళ్ళలో ఆ పూటను ఎన్నిసార్లు మళ్ళీ నిలబెట్టి చూశానో. ఇప్పుడు నాకు కావలసినంత భాష ఉంది, కోపం ఉంది, భయం లేదు. ఆ తరగతిలో మళ్ళీ లేచి నిలబడతాను, గొంతు సవరించుకుంటాను, ఆ జేబులో ఏముందో ఇన్‌స్పెక్టర్‌కు వివరంగా చెప్పడానికి నోరు తెరుస్తాను. సరిగ్గా అప్పుడే ఆయన భుజం మీదుగా సారు మొహం కనబడుతుంది. ఛీ, ఈ వయసులో కూడా బుద్ధి రాలేదు, మళ్ళీ ఆ చెరుకు బండినే తోలుకొస్తున్నాను.