ముందున్నవాడి వీపు మీద చెయ్యి

ఎదురింటి అంకుల్ పోయారు. శనివారం పొద్దున ఆంటీ మా ఇనుప గేటు తట్టి, "అమ్మాయ్, ఒకసారి రామ్మా. మీ అంకుల్ లేవట్లేదు" అన్నారు. అంబులెన్సులో వచ్చినవాళ్ళు తల అడ్డంగా ఊపేదాకా వాళ్ళ వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాను. ఏడుపుకన్నా ముందు భయం వచ్చింది. నా మెడ పక్కన గడ్డ ఉందని, ముక్క తీసి పరీక్షకి పంపారని, గురువారం ఫలితం చెబుతారని తెలిసిన మనిషి ఆయనొక్కరే.

సింగపూర్‌లో, ఈ సెంగ్‌కాంగ్‌ పేటలో, ఈ గదిలో అద్దెకు దిగిన కొత్తలో, సోమవారం పొద్దున్నే ఎదురింట్లోంచి స్టేడియం హోరు వినబడేది. అమెరికాలో ఆదివారం రాత్రి ఆడే ఫుట్‌బాల్, కాలితో కాదు, బంతి చేత పట్టుకుని ఆడే వాళ్ళ రకం, మనకి ఇడ్లీల వేళకి వస్తుంది. నేను ఇంటినుంచి పనిచేసేది కూడా సోమవారమే. కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళి వాళ్ళ సోఫాలో చేరేదాన్ని. "పొద్దున్నే ఆ దున్నపోతుల కుమ్ములాటేంటండీ" అని విసుక్కుంటూనే ఆంటీ నా పళ్ళెంలో ఇంకో ఇడ్లీ వేసేవారు.

ఆయన చూసేది రన్నింగ్ బ్యాక్‌లనే. అంటే బంతిని పొట్టకి హత్తుకుని మనుషుల గోడలోకి పరుగెత్తేవాళ్ళని. ఇద్దరి విషయంలో మాకు తెగని తగువు. నావాడు మెరుపు. బంతి అందగానే పక్కకి దూసుకెళ్ళి, అందరికీ దూరంగా, గీత వెంబడి పరుగెత్తేవాడు. ఆయన మెచ్చినవాడు బంతి తీసుకుని ఆగేవాడు. సందు దొరికాకే కదిలేవాడు.

"మీవాడు బస్సు కోసం నిలబడ్డట్టున్నాడు అంకుల్."

"నీవాడు తప్పిపోయిన బస్సు వెనక పరిగెడుతున్నాడు. సర్లే, వీడి చెయ్యెక్కడుందో చూడు."

చూశాను. ఆగినవాడి ఖాళీ చెయ్యి, తనకి దారి చేస్తున్న బండమనిషి వీపు మీద ఉంది. నెట్టడం లేదు. ఊరికే ఆనించి, అతనెటు ఒరిగితే అటు ఒరుగుతున్నాడు.

"మన కబడ్డీలో కూతకెళ్ళేవాడు ఒంటరి. భీమవరంలో నేనూ అలాగే వెళ్ళి మోకాలు విరగ్గొట్టుకున్నా. వీడికి ముందు మనిషున్నాడు. ఉన్నాడని వీడికి గుర్తుంది. నీవాడు మర్చిపోతాడు, అంతే తేడా" అన్నారు. నావాడు గెలిపించిన రోజున కూడా ఒప్పుకునేవారు కాదు.

చేతులు చూసే ఆ అలవాటుతోనే నన్నూ పట్టుకున్నారు. పోవడానికి ముందు సోమవారం, ఆంటీ మార్కెట్‌కి వెళ్ళినప్పుడు, టీవీ మీంచి కళ్ళు తీయకుండానే అడిగారు.

"ఇందాకణ్ణించీ మెడ తడుముకుంటున్నావ్. ఏంటది?"

చెప్పేశాను.

"మీ అమ్మకి చెప్పావా?"

"రిజల్ట్ వచ్చాక చెప్తా. ఊరికే కంగారు పెట్టడం ఎందుకు?"

"వచ్చాక చెప్తే అది కబురు. కబురు వినడం తప్ప చేసేదేం లేదు. ఇప్పుడైతే ఇంకా భయమేగా. భయాన్ని చెరోవైపూ పట్టుకోవచ్చు."

నేను మాట మార్చాను. "సరే, వచ్చేవారం గురువారమేగా, నేనొస్తా. ఖాళీయేగా" అన్నారు, పాలు తెస్తానన్నంత మామూలుగా. వారం తిరక్కుండానే ఆయన లేరు.

ఆదివారం దహనం అయింది. సోమవారం పొద్దున ఎదురింట్లోంచి ఏ హోరూ రాలేదు. నిశ్శబ్దం తట్టుకోలేక వెళ్ళాను. ఆంటీ నల్లటి టీవీ ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడ దుఃఖం మీద నా భయం కూడా ఎలా పెట్టను? గిన్నెలు కడిగి వచ్చేద్దామనుకున్నాను.

"గురువారం నీతో ఏదో పనుందన్నారు మీ అంకుల్. ఏం పనో చెప్పలేదు" అన్నారామె.

సింకు దగ్గర నిలబడే, వెనక్కి తిరక్కుండా చెప్పాను.

"ఎన్నింటికి?" అన్నారు ఆంటీ.

ఆ సాయంత్రం అమ్మకీ ఫోన్ చేశాను.

గురువారం డాక్టరు మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. తీసిన ముక్క చాలలేదట, మళ్ళీ తీయాలట. అంటే ఇంకొన్నాళ్ళు ఇదే భయం. ఆంటీతో తిరిగొస్తుంటే రైలు స్టేషన్‌లో ఆఫీసులు వదిలిన జనం. నా కాళ్ళు ఎప్పటిలాగే పక్కకి, గోడవైపు, ఒంటరిగా పోదామని చూశాయి. ఆంటీ గొడుగు చంకలో పెట్టుకుని, "జరగండమ్మా, కాస్త జరగండి" అని అందరితోనూ తెలుగులోనే అంటూ జనంలోకి దిగారు. ఆవిడ వీపు మీద చెయ్యి ఆనించాను. నూలు చీర చెమటకి తడిసి ఉంది. ఆవిడ ఎడమకి ఒరిగారు. నేనూ ఒరిగాను.