ఉడుత దాచుకున్న కాయలు

ఆ కొండ ఊళ్లో పిల్సున్ నోటికి జడవని మనిషి లేడు. ఆకులు రాలే కాలం వచ్చిందంటే చాలు, కొండదారి మొదట్లో పీట వేసుకుని కూర్చునేది. షికారుకొచ్చిన పట్నంవాళ్లు దిగేటప్పుడు ఎవరి సంచి ఉబ్బెత్తుగా కనిపించినా వదిలేది కాదు.

"ఏమమ్మా, ఓక్ కాయలేనా అవి? ఉడుత నోటిదగ్గర కూడు లాక్కోడానికి సిగ్గులేదూ? వసంతంలో అయితే చిగుళ్లు కొరుక్కుంటుంది, ఎండల్లో మల్బరీ పళ్లో పురుగులో దొరుకుతాయి. మంచు పడ్డాక ఏం తింటుంది, నీ తలకాయా? గుమ్మరించు అక్కడ!"

వాళ్లు కిక్కురుమనకుండా గుమ్మరించి పోయేవారు. పక్కింటి మాల్సుక్ పగలబడి నవ్వేది. పిల్సున్‌కి అదో గొప్ప.

ఆ ఏడు ఓక్ చెట్లు కాపు తప్పాయి. సరిగ్గా అప్పుడే వియ్యపురాలు బోక్నమ్ మొదటిసారి భోజనానికి వస్తున్నట్టు కబురొచ్చింది. కొడుకు పెళ్లిలో పిల్సున్ ఊరుకోలేక, "మా ఇంటి ముక్ తిన్నాక ఇంకోచోట తినబుద్ధి కాదు వదినగారూ" అనేసింది. ముక్ అంటే మాటలా? ఓక్ కాయలు దంచి, చేదు విరిగేదాకా నీళ్లు మార్చి, అడుగున తేరిన పిండిని ఉడికించి జున్నులా గడ్డకట్టించాలి. బజార్లో పిండి దొరుకుతుంది నిజమే. కానీ వియ్యపురాలి ముందు బజారు పిండా! తల కొట్టేసినట్టుండదూ?

చెట్ల కింద వెతికితే అన్నీ పుచ్చులే. నడుం పట్టుకుని వస్తుంటే, పొలం గట్టు రాళ్లకింద చారల ఉడుత ఒకటి బుగ్గలు ఉబ్బించుకుని దూరడం కంటబడింది. ఉడుత పుచ్చిన కాయ దాచదని ఆమెకి తెలుసు. నాలుగు తీసుకుంటే ఏం పోయిందిలే అనుకుని చేతిపారతో తవ్వింది. ఎండుటాకుల పరుపు కింద నున్నటి కాయలు! నాలుగు తీసిన చెయ్యి ఆగలేదు. అడుగు తేలేదాకా తోడేసింది. ఉడుత రాతిమీద కూర్చుని చూస్తూనే ఉంది. పిల్సున్ అటు చూడకుండా సంచి మీద ముల్లంగి ఆకులు కప్పి, దొడ్డిదారిన ఇల్లు చేరింది.

విందు బ్రహ్మాండంగా జరిగింది. "ఈ కరువులో కాయలెక్కడివమ్మా?" అని కొడుకు అడిగితే, "కొండంతా తిరిగి ఏరుకొచ్చాన్రా" అంది తడుముకోకుండా.

తరవాత గిన్నెలు కడుగుతూ బోక్నమ్ మెల్లిగా అంది. "ఒక్క పుచ్చు వాసన లేదు వదినగారూ. మా అమ్మ గుర్తొచ్చింది. యుద్ధంలో ఇంట్లో గింజ లేక ఆవిడా ఉడుత బొరియ తవ్వేది. తవ్వుతూ ఏడ్చేది. మా ఆకలి అట్లాంటిది, అయినా సగం మళ్లీ అందులోనే పెట్టొచ్చేది. మీరూ సగం వదిలే ఉంటారు లెండి."

"ఆఁ... వదిలాను" అంది పిల్సున్. చెవులు భగ్గుమన్నాయి. వియ్యపురాలి గొంతులో ఎగతాళి లేదు. ఎగతాళి ఉంటే నాలుగు మాటలని తేలికపడేది. ఆకలితో తవ్విన మనిషి సగం వదిలింది. కడుపు నిండిన తను గొప్పకోసం అంతా ఊడ్చింది. ఆ రోజు ఆమె సిగ్గుతో వియ్యాలవారిని సాగనంపడానికి కూడా సరిగ్గా తలెత్తలేకపోయింది.

వాళ్లు వెళ్లీ వెళ్లగానే ఇంట్లో ఉన్న చెస్ట్‌నట్ కాయలూ పల్లీలూ పట్టుకెళ్లి బొరియలో పోసింది. మర్నాడు వెళ్లి చూస్తే పోసినవి పోసినట్టే ఉన్నాయి, పైన మంచు పేరుకుని. ఉడుత ఎటుపోయిందో తెలియలేదు.

అక్కణ్ణుంచి కొండదారికొస్తే, మాల్సుక్ అప్పటికే ఎవరో పట్నం ముసలామెని నిలదీస్తోంది. ఆమె దోసిట్లో కాసిని పుచ్చిన కాయలు.

"చూడు పిల్సున్, ఈవిడ దొంగతనం! నువ్వు రెండు మాటలు తగిలించు!"

ముసలామె బెదురుగా పిల్సున్ వైపు చూసింది. "పోనియ్యవే ఆవిణ్ణి" అంది పిల్సున్. "ఆవిడ రాలినవి ఏరుకుంది. నేను బొరియ తవ్వి తెచ్చాను."

మాల్సుక్ పరాచికమనుకుని పగలబడి నవ్వింది.

"నవ్వకే" అంది పిల్సున్. "ఒక్కటీ మిగల్చలేదు."